ముక్తినాథ్ రోడ్డు మీద నా కుడికాలు

మొన్న మా బస్సుల యార్డులో ఒక డ్రైవరు ఏసీ గాలి పాదాలకు తగలకుండా కింద అట్టముక్క అడ్డం పెట్టుకుంటుంటే చూశాను. మెట్‌పల్లి వైపు మనిషి, వచ్చి ఏడాది కాలేదు. ఏమైందని అడిగితే, "ఏం లేదన్నా, కాళ్ళు జర తిమ్మిరెక్కుతున్నయి" అన్నాడు. నేను తాళంచెవి లాక్కుని, భుజం మీద చెయ్యేసి, డ్యూటీ మధ్యలోనే క్లినిక్కుకు పట్టుకుపోయాను. పాపం, అతనికి ఉన్నది ఉత్త తిమ్మిరే. క్యాంపంతా వినేలా నన్ను తిట్టాడు. అయినా నాకు ఏ పశ్చాత్తాపమూ లేదు. ఆ అట్టముక్క సంగతి నాకు బాగా తెలుసు. అతనికీ, అతనిలాంటి వాళ్ళకూ చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. గెలిచినవాడికి చెప్పుకోవాలని ఉంటుంది. నాకూ ఉంది.

నా పేరు గంగాధర్. మాది కోరుట్ల దగ్గర పల్లె. పదకొండేళ్ళుగా ఖతర్‌లో ఉన్నాను. అల్ ఖోర్ క్యాంపు నుంచి రాస్ లఫాన్ ప్లాంటుకు షిఫ్టు బస్సు నడుపుతాను. మధ్యలో తొమ్మిది నెలలు నడపలేదు.

చలి ఉండగా

మా బస్సుల్లో ఒక పద్ధతి ఉంది. తెల్లవారుజామున ఎక్కినవాళ్ళు సీటు తగలగానే నిద్రపోతారు. డ్రైవరూ మనిషే కదా, అతనికీ రెప్పలు వాలతాయి. అందుకని అతని వెనక సీటు ఒకరికి అప్పజెబుతారు. ఆ సీటువాడు నిద్రపోకూడదు, ప్లాంటు గేటు దాకా డ్రైవరుతో మాట్లాడుతూనే ఉండాలి. మేము దాన్ని మాటల సీటు అంటాం.

నా బస్సులో ఆ సీటు పసాంగ్‌ది. నేపాలీ, సైటులో స్కాఫోల్డింగ్, అంటే ఇనుప పరంజాలు, కడతాడు. ఆరేళ్ళు మా తెలుగువాళ్ళ గదిలో ఉండి మా మాటే నేర్చుకున్నాడు. కళ్ళు మూసుకుని వింటే జగిత్యాల బస్టాండులో ఉన్నట్టే ఉంటుంది. ఇద్దరి దగ్గరా ఉన్న ముచ్చట్లన్నీ ఏడాదిలో అయిపోయాయి. అప్పుడు అతను తన ఊరికి పోయే రోడ్డు చెప్పడం మొదలుపెట్టాడు. పోఖరా నుంచి బేని, తాతోపానీ, ఘాసా, లేతే, టుకుచే, మార్ఫా, జోమ్‌సోమ్, కాగ్‌బేని, ఝార్‌కోట్, ఆఖరున ముక్తినాథ్. ఝార్‌కోట్ వాళ్ళ ఊరు. ఎక్కడ రోడ్డు కొండను కోసుకుంటూ పోతుందో, ఎక్కడ జలపాతం టైర్ల కిందే పారుతుందో, ఏ మలుపు తిరిగితే ధవళగిరి ఒక్కసారిగా ఎదురొస్తుందో అన్నీ చెప్పేవాడు. ఒంపు లేని ఎడారి రోడ్డు మీద బస్సు నడుపుతూ నేను ఆ మలుపులు తిప్పేవాణ్ణి.

జనవరిలో ఒకసారి కడుపు చెడింది. తగ్గిపోయింది. పది రోజుల తర్వాత అరికాళ్ళలో చీమలు పాకుతున్నట్టు మొదలైంది. ఏసీ గాలి అనుకుని అట్టముక్క పెట్టాను. రెండో రోజుకు పెడలు తెలియడం మానేసింది. బూటు విప్పి మేజోళ్ళతో నడిపాను. అప్పటికీ తెలియకపోతే బ్రేకు పెడలుకు గరుకు కాగితం అంటించాను. గదిలో ఒక పెద్దాయన నువ్వుల నూనె రాసి, చీలమండకు నల్లదారం కట్టాడు. డాక్టరు దగ్గరికి మాత్రం పోలేదు. ఎందుకు పోలేదో గల్ఫ్‌లో ఉన్న ప్రతి డ్రైవరుకూ తెలుసు. కాగితం మీద 'అన్‌ఫిట్' అని పడితే వీసా క్యాన్సిల్ చేసి పంపేస్తారని భయం. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. నేను కాళ్ళ సంగతే దాచాను.

బస్సు మెట్టు ఎక్కడానికి చేత్తో కమ్మీ పట్టుకుని ఒళ్ళు లాక్కోవాల్సి వచ్చిన రోజున ఆ పని జరిగింది. ప్లాంటు గేటు దగ్గర బస్సులు వరసగా ఆగి ఉన్నాయి. నేనూ బ్రేకు మీద కాలు పెట్టాననుకున్నాను. పసాంగ్ ఏదో చెబుతున్నవాడు మాట మధ్యలో ఆపి, "అన్నా! బండి!" అని అరిచాడు. బస్సు మెల్లగా ముందు బస్సు వీపు మీదికి పోతోంది. హ్యాండ్ బ్రేకు లాగాను. జానెడు దూరంలో ఆగింది. వెనక నిద్రపోతున్నవాళ్ళు లేచి, నాలుగు భాషల్లో తిట్టి, నవ్వి, మళ్ళీ పడుకున్నారు. పసాంగ్ నవ్వలేదు. వంగి నా కాళ్ళ వైపు చూశాడు. నా కుడిపాదం బ్రేకు పక్కన ఎవరిదో అన్నట్టు వేలాడుతోంది.

మధ్యాహ్నం క్యాంప్ బాస్ పిలిపించాడు. లోపలికి పోయేసరికి పసాంగ్ అక్కడే నిలబడి ఉన్నాడు.

"మునివేళ్ల మీద నిలబడు" అన్నాడు బాస్ హిందీలో.

నిలబడలేకపోయాను. గోడ పట్టుకున్నా నిలబడలేకపోయాను.

"తిన్నింటి వాసాలు లెక్కబెట్టినవ్ కదరా!" అన్నాను పసాంగ్‌తో. "నా అన్నం తిని నా పొట్ట కొడ్తవా?"

అతను తల వంచుకుని, "బస్సుల యాభై మంది ఉన్నరన్నా. నువ్వు గూడ ఉన్నవ్" అన్నాడు. నాకా మాట చెవికెక్కలేదు. మాటల సీటువాడు డ్రైవరు గుట్టు బయటపెట్టడం ఎక్కడా లేదు. జీవితంలో మళ్ళీ వీడి మొహం చూడనని ఆ గదిలోనే ఒట్టు పెట్టుకున్నాను.

ఆసుపత్రి, మొదటి వారం

జబ్బు పేరు పలకడం రావడానికే నాకు వారం పట్టింది. గిలాన్ బారే. ఒక్కోసారి కడుపు చెడి తగ్గాక, ఒంటిని కాపాడాల్సిన సైన్యం సొంత నరాల మీదే పడుతుందట. చేరిన మూడో రోజుకు రెండు కాళ్ళూ పోయాయి. పోయాయంటే ఉన్నాయి, చూస్తే కనబడుతున్నాయి, నా మాట వినడం లేదు. నడుం దాకా దుప్పటి కింద ఇంకెవరో పడుకున్నట్టు ఉండేది. నాలుగో రోజుకు చేతులు. గ్లాసు ఎత్తలేకపోయాను.

డాక్టరు దాచకుండా చెప్పాడు. ఇది కింది నుంచి పైకి పాకుతుంది, ఊపిరి దాకా వస్తే గొంతులో గొట్టం వెయ్యాలి, రాకపోతే మెల్లగా దిగుతుంది, చాలామంది మళ్ళీ నడుస్తారు అన్నాడు. నేను 'చాలామంది' అన్న మాట పట్టుకుని, నేను కొద్దిమందిలో వాణ్ణయితే ఏం చెయ్యాలని ఆలోచిస్తూ పడుకున్నాను. మూడు పూటలా మలయాళీ నర్సు షైనీ సిస్టర్ వచ్చి, ఒక్క ఊపిరిలో ఎంత దాకా లెక్కపెట్టగలనో పెట్టమనేది. మొదట ముప్పై దాటేది. తర్వాత ఇరవై ఆరు. తర్వాత ఇరవై. ఏ అంకె దగ్గర గొట్టం వేస్తారో వాళ్ళ మొహాలు చూసి ఊహించుకునేవాణ్ణి. లెక్క మొదలుపెట్టకముందే గుండె దడదడలాడి, ఉన్న ఊపిరి కూడా సగం పోయేది.

శుక్రవారం మధ్యాహ్నం సిస్టర్ చెప్పింది, నీ స్నేహితుడు వచ్చాడని. ఎవరని అడిగితే పసాంగ్ అంది. రానివ్వొద్దన్నాను. సాయంత్రం ఆమె డ్యూటీ దిగిపోతూ, "ఇంకా కూర్చునే ఉన్నాడు. మనిషి ఒక్కసారి కూడా ఫోను బయటికి తియ్యలేదు" అని హిందీలో చెప్పిపోయింది. బయట వెయిటింగు హాల్లో నీలం కుర్చీలు వరసగా ఉంటాయి. స్ట్రెచరు మీద వస్తూ చూశాను. గట్టి కుర్చీలు. ఆ కుర్చీలో అంతసేపు ఎలా కూర్చున్నాడురా అని కోపంలోనే ఒకసారి అనుకున్నాను.

ఆదివారం నా లెక్క పన్నెండు దగ్గర ఆగింది. డాక్టర్లు ఇద్దరయ్యారు. ఒక బండి తెచ్చి మంచం పక్కన పెట్టారు. దాని మీద ఏముందో నాకు చెప్పక్కర్లేకపోయింది. నాకు చాలా భయం వేసింది. మావాళ్ళు ఒక్కరూ పక్కన లేరు. అప్పుడు పసాంగ్ మళ్ళీ వచ్చాడని సిస్టర్ చెప్పింది. ఈసారి రమ్మన్నాను.

డ్యూటీ నుంచి నేరుగా వచ్చాడు. చేతిలో హెల్మెట్, బూట్ల నిండా దుమ్ము. నేను తిడతాననుకున్నాడేమో, కాస్త దూరంగా నిలబడ్డాడు. నా దగ్గర తిట్టడానికి ఊపిరి లేదు.

"లెక్క... వస్తలేదురా" అన్నాను.

అతను హెల్మెట్ కింద పెట్టి, నా తల వెనకవైపు కుర్చీ వేసుకున్నాడు. బస్సులో కూర్చునే చోటే.

"లెక్కలెందుకన్నా, డర్ అయితది. రోడ్డు చెప్పు. ఎక్కడిదాక పోతే అక్కడిదాక పో."

బేని. తాతోపానీ. ఘాసా. అక్కడికి నా ఊపిరి అయిపోయింది.

"ఘాసా మంచిగుంటది. చెట్లున్నయి. ఈ పూట ఆడనే ఆగుదాం" అన్నాడు పసాంగ్.

నాకు ఏడుపొచ్చింది. క్షమించమని నేనడగలేదు, అతనూ ఏమీ అడగలేదు. సిస్టర్‌కు ఆమె అంకెలు చెప్పాను, నాకోసం నా ఊళ్ళు చెప్పుకున్నాను. మర్నాడు కూడా ఘాసానే. ఆ తర్వాతి రోజు లేతే. ఇంకో రెండు రోజులకు మార్ఫా. బండిని తిరిగి తీసుకుపోయారు. తీసుకుపోయేటప్పుడు దాని చక్రం కీచుమంటుంటే నాకు పెళ్ళి సన్నాయిలా వినిపించింది.

రంజాన్ నెల

ఇంట్లో నేను చెప్పలేదు. జ్వరం అన్నాను, ఫోను పాడైందన్నాను. చెప్పింది జహీర్ భాయ్. నిజామాబాద్ మనిషి, ఒకప్పుడు నా గదివాడు, ఇప్పుడు నగరంలో ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలో లాండ్రీ దుకాణంలో ఇస్త్రీ చేస్తాడు. పొద్దంతా ఆ వేడిలో ఉపవాసం ఉండి, రెండు బస్సులు మారి, ఖర్జూరాలూ గంజీ పట్టుకుని నా దగ్గరికి వచ్చి నా మంచం పక్కనే ఉపవాసం విప్పేవాడు. ఇంటికి పోయి తినొచ్చు కదా అంటే, "అకేలా ఖానేకో మజా నై ఆతా భాయ్. నువ్వు తింటుంటే నాగ్గూడ అరుగుతది" అనేవాడు. నా చేతులు గ్లాసు పట్టేదాకా ఆ గంజి అతనే తాగించాడు.

అతను మా ఆవిడ సరితకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు వీడియో కాల్ వచ్చింది. మా ఊళ్ళో గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే.

"దుబాయ్‌ల గిదంత అయితుంటె నాకు పరాయోళ్ళు చెప్పాల్నా? నేను నీ పెండ్లాన్నా, పక్కింటిదాన్నా?"

"నువ్వు బుగులువడ్తవనే..."

"మొఖం చూపియ్యకు. నీ మొఖం పదకొండేండ్ల సంది అబద్ధాలే చెప్తున్నది. కాళ్ళు చూపియ్యి."

షైనీ సిస్టర్ ఫోను తీసుకుని నా కాళ్ళ వైపు తిప్పింది. సరిత చాలాసేపు చూసింది. ఆ రోజు నుంచి ఆమె నా మొహం చూడలేదు. రోజూ కాల్ చేసేది, రోజూ కాళ్ళే చూసేది. నేను నా పాదాల వెనక నుంచి మాట్లాడేవాణ్ణి. ఇంటికి వచ్చెయ్యమని ఒకరోజు, వీల్‌చైర్‌లో వస్తే ఊళ్ళో ఎట్లా అని నేను అంటే నీకు ఊరెక్కువా నేనెక్కువా అని ఒకరోజు పోట్లాడింది. పోట్లాడుతూ పోట్లాడుతూ ఒక సాయంత్రం కెవ్వుమంది.

"కదిలింది! బొటనవేలు కదిలింది!"

నాకు తెలియదు. కదిలించానని కూడా తెలియదు. సిస్టర్ దుప్పటి పూర్తిగా తీసి చూసింది. కుడికాలి బొటనవేలు గింజంత ఇటు, గింజంత అటు. కోరుట్ల దగ్గర పల్లెలో కూర్చున్న మనిషి దాన్ని అందరికన్నా ముందు చూసింది. జహీర్ భాయ్ నోట్లో ఖర్జూరం పెట్టుకోబోతున్నవాడు అది నా నోట్లో పెట్టాడు.

ఎండలు

మధ్యాహ్నం బయటి పనులు ఆపేసే రోజుల్లో నేను నిలబడటం నేర్చుకున్నాను. వ్యాయామం చేయించేది ఈజిప్టు ఆయన, తలుపంత మనిషి. నా పాదాలకు తన అరచేతులు అడ్డం పెట్టి, "యల్లా! తొయ్యి!" అనేవాడు. ఎడమ అరచెయ్యి క్లచ్చు, కుడి అరచెయ్యి బ్రేకు అని నేను పేర్లు పెట్టుకున్నాను. కళ్ళు మూసుకుని తాతోపానీ దాటి కొండ ఎక్కేవాణ్ణి. ఎదురుగా లారీ వస్తే బ్రేకు. మలుపులో గేరు దించడానికి క్లచ్చు. ఆయన అరచేతులు నొక్కి నొక్కి ముక్తినాథ్‌కు ఎన్నిసార్లు పోయానో. ఒకరోజు ఆయన చెయ్యి విదిలించుకుని, "ఖలాస్, ఖలాస్! ఇక చాలు, చెయ్యి విరగ్గొడతావా?" అని నవ్వాడు.

కంపెనీ నన్ను క్యాన్సిల్ చెయ్యలేదు. ఇది చెప్పి తీరాలి, ఎందుకంటే ఆ భయంతోనే నేను చచ్చేదాకా తెచ్చుకున్నాను. అన్ని కంపెనీలూ ఇలాగే ఉంటాయని నేననను. నన్ను మాత్రం తాళాల గదిలో కూర్చోబెట్టారు. పొద్దున డ్రైవర్లకు తాళంచెవులు ఇవ్వాలి, సాయంత్రం తీసుకోవాలి. నా బస్సు తాళంచెవి కూడా నేనే ఇంకొకరి చేతిలో పెట్టేవాణ్ణి. అది ఆసుపత్రికన్నా కష్టంగా ఉండేది.

సెప్టెంబరులో డాక్టరు నడపొచ్చని రాసిచ్చాడు. నాకు రావాల్సిన సెలవు వాడుకుని వచ్చాక టెస్టు పెడతామంది కంపెనీ. కాగితం జేబులో ఉంది గానీ కాలి మీద నమ్మకం లేదు. రాత్రింబవళ్ళు ఒకటే కళ్ళ ముందు ఆడేది, బ్రేకు పక్కన వేలాడుతున్న నా పాదం. కాళ్ళు పోయినప్పుడు కూడా ఇంత భయపడలేదు. మళ్ళీ స్టీరింగు పట్టుకుంటే, వెనక యాభై మంది నిద్రపోతుంటే, అప్పుడు అది రాకపోతే?

"చుట్టీ పెట్టు. మా రోడ్డుకు పోదాం" అన్నాడు పసాంగ్.

సరితకు చెప్పాను. తిడుతుందనుకున్నాను. "ఏడాది సంది గా రోడ్డు ముచ్చటే వింటున్న. నేను గూడ వస్త" అంది.

అక్టోబరు

కాట్మండు ఎయిర్‌పోర్టు బయట సరిత నిలబడి ఉంది. హైదరాబాద్ నుంచి వాళ్ళ తమ్ముడు విమానం ఎక్కించాడు. పాస్‌పోర్టు బదులు చూపించిన ఓటరు కార్డు ఇంకా చేతిలోనే గట్టిగా పట్టుకుని ఉంది. నేను నడుచుకుంటూ వస్తుంటే ఆమె చూపు కిందే ఉంది. అడుగు తర్వాత అడుగు చూసింది. దగ్గరికి వచ్చాక కూడా తలెత్తకుండా, "చెప్పులు కొత్తయా?" అంది. 

పోఖరా నుంచి పసాంగ్ వాళ్ళ అన్న జీపు నడిపాడు. డాక్టరు చెప్పినట్టు తొందరపడకుండా మధ్యలో ఆగుతూ పోయాం. బేనిలో చాయ్ తాగాం. ఘాసాలో నేను జీపు ఆపించాను. నిజంగానే చెట్లున్నాయి. పైన్ చెట్లు, వాటి మధ్య నాలుగు ఇళ్ళు, ఒక కోళ్ళ గూడు. నేను చావు అంచున రెండు రోజులు ఆగిన ఊరు ఇదేనని సరితకు చూపించాను. ఆమె ఆ మట్టికి దండం పెట్టింది.

లేతే దాటాక లోయ విప్పుకుంది. ఎడమవైపు ధవళగిరి, కుడివైపు నీలగిరి. అంత తెల్లటి వస్తువును నేను ఎప్పుడూ చూడలేదు. ఎడారిలో పదకొండేళ్ళున్న కళ్ళకు ఆ చలవ తట్టుకోవడం కష్టమైంది. మార్ఫాలో ఇళ్ళన్నీ సున్నం కొట్టి ఉంటాయి, మేడల మీద ఆపిల్ ముక్కలు ఎండబెట్టుకుంటారు. ఊరి నడుమ గుట్టమీద బౌద్ధ మఠం ఉంది, గుంపా అంటారు. దానికి నిలువు మెట్లు. కమ్మీ పట్టుకోకుండా ఎక్కాను. రెండుసార్లు ఆగాను, ఆయాసంతో. కాళ్ళ వల్ల కాదు. లోపల వెన్నదీపాల ముందు ఒక ముసలి లామా ఏదో చదువుతూ, మమ్మల్ని చూసి తల ఊపాడు. కాగ్‌బేనిలో వరసగా ఉన్న ప్రార్థనా చక్రాలు తిప్పుకుంటూ నడిచాం. మంత్రాలు చెక్కిన రాళ్ళ గోడ వస్తే దాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని పోవాలని పసాంగ్ చెప్పాడు. "మన ప్రదక్షిణ లెక్కనే" అంది సరిత, మొదటి నుంచీ ఆ ఊరిదానిలా.

ముక్తినాథ్ దగ్గర జీపు ఆగిపోతుంది, మిగతాది నడక. గుర్రాలున్నాయి. నేను ఎక్కలేదు. గాలికి రంగురంగుల మంత్రాల జెండాలు టపటపలాడుతున్న దారిలో, పదడుగులకోసారి నిలబడుతూ, మెట్టు తర్వాత మెట్టు ఎక్కాను. గుడి చూసుకునే సన్యాసినులు బౌద్ధులు, లోపలున్నది మన విష్ణువు. ఎవరికీ పేచీ లేదు. గుడి వెనక గోముఖాల్లోంచి నూటెనిమిది ధారలు పడుతుంటాయి. సరిత కొంగు బిగించి అన్నిటి కిందా పరిగెత్తింది. నేను గుడి ముందున్న నీటి కుండంలో దిగాను.

ఆ నీళ్ళు మంచు కరిగిన నీళ్ళు. మునిగి లేచేసరికి మోకాళ్ళ కింద ఏమీ లేదు. అచ్చం జనవరిలో లాగే. గట్టు మీద కూలబడి పాదాలు పట్టుకుంటే ఎవరివో పట్టుకున్నట్టే ఉంది.  సరిత పరిగెత్తుకొచ్చి తన శాలువ నా కాళ్ళకు చుట్టి, రెండు చేతులతో రుద్దడం మొదలుపెట్టింది.  కాసేపటికి అరికాలిలో ఒక సూది. తర్వాత పది. తర్వాత నిప్పుల మీద నిలబడ్డట్టు మంట.

"నొస్తున్నదే!" అని అరిచాను. "సరితా, నొస్తున్నది!"

గట్టు మీద ఉన్న యాత్రికులందరూ తిరిగి చూశారు. నొప్పి పుట్టినందుకు అంత సంబరపడిన మనిషిని వాళ్ళు చూసి ఉండరు. అక్కడే నిలబడి బేని నుంచి ముక్తినాథ్ దాకా ఒక్క ఊపిరిలో పోయి, అదే ఊపిరిలో తిరిగి బేనికి వచ్చాను. పసాంగ్ వేళ్ళ మీద ఊళ్ళు లెక్కపెట్టి, ఒక్కటీ వదల్లేదన్నాడు.

దిగేటప్పుడు కాగ్‌బేని దాటాక రోడ్డు నది పక్కన చదునుగా పోతుంది. పసాంగ్ వాళ్ళ అన్న జీపు ఆపి, దిగి, తాళంచెవి నా చేతిలో పెట్టాడు. వీళ్ళిద్దరూ ముందే మాట్లాడుకున్నారని నాకప్పుడు అర్థమైంది. నా ఊరి లైసెన్సు పర్సులోనే ఉంది. ఎందుకు తెచ్చుకున్నావని అడిగితే చెప్పలేను. సీటులో కూర్చున్నాను. ఖతర్‌కు తిరగేసి, స్టీరింగు కుడివైపు, గేరు ఎడమచేతికి. పెడళ్ళు మాత్రం ఎక్కడైనా పెడళ్ళే. పసాంగ్ నా వెనక సీటులోకి మారాడు. సరిత అతని పక్కన కూర్చుని, రెండు సీట్ల మధ్యలోంచి వంగి నా కాళ్ళ వైపు చూస్తోంది.

మొదటి గేరు. రెండు. మూడు. ఎదురుగాలికి ఇసుక అద్దం మీద కొడుతోంది. పసాంగ్ వాళ్ళ ఊళ్ళో ఒక యాక్ గుంపాలోకి దూరి లామా టోపీ తినేసిన కథ చెబుతున్నాడు. నేను వింటున్నాను, నవ్వుతున్నాను. కొండవాలు మలుపు తిరిగేసరికి రోడ్డు నిండా మేకలు. వంద ఉంటాయి, జూలు వేలాడే కొండమేకలు.

నేనేమీ ఆలోచించలేదు. కాలు పోయింది. దానంతట అదే పోయి, దాని చోటు వెతుక్కుని, ఎంత నొక్కాలో అంతే నొక్కింది. మేకలకు ఇరవై అడుగుల ఇవతల, కుదుపు లేకుండా జీపు ఆగింది. వెనక పసాంగ్ మాట ఆపలేదు. లామా టోపీ కోసం యాక్ వెంట పరిగెడుతూనే ఉన్నాడు.

మేకలు తోసుకుంటూ, గంటలు మోగించుకుంటూ దాటుతున్నాయి. సరిత చెయ్యి నా భుజం మీద పడింది.

"ఏదీ, ఇటు తిరుగు" అంది. "ఇగ మొఖం చూపియ్యి."

తిరిగాను. బ్రేకు మీద కాలు అలాగే ఉంది.